పదకొండు డబ్బాలు

డబ్బా ఐదు లీటర్లది. తెల్ల ప్లాస్టిక్కు, ఎర్ర మూత, పక్కన వంద మిల్లీలీటర్లకొక గీత. మొదటిరోజు పొద్దున లేవగానే వచ్చే మూత్రం పారబోయాలి. అక్కణ్ణుంచి మర్నాడు పొద్దున లేవగానే వచ్చేదాకా ప్రతి చుక్కా డబ్బాలో పడాలి. ఆ వేసవిలో ఈ మాటలు నేను నూట అరవై ఇళ్ళల్లో చెప్పాను. కొందరు నవ్వారు. కొందరు సగం వినగానే తలుపు వేసుకున్నారు. ప్రెస్సులో అక్షరాలు కూర్చే పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఇరవై రెండేళ్ళుగా రక్తం ఇచ్చాం, బరువు చూపించాం, నడుము కొలిపించుకున్నాం. ఇంక మా దగ్గర మిగిలింది ఇదేనా తల్లీ?" అని అడిగాడు. ఇదేనని చెప్పాను. సంతకం పెట్టి డబ్బా తీసుకున్నాడు.

నేను పనిచేసింది ఒక పరిశోధన కేంద్రంలో. ఇరవై రెండేళ్ళ కిందట వాళ్ళు ఆరు వీధులు ఎంచుకుని, ఇంటికొక మనిషి చొప్పున జాబితా రాసుకున్నారు. ఆ మనుషుల్లో ఎవరికి బీపీ వస్తుంది, ఎవరికి షుగరు వస్తుంది, ఎవరి గుండె ఆగిపోతుంది, అవి రాకముందు వాళ్ళు ఏం తిన్నారు, ఏం తాగారు, ఎంత నడిచారు అన్నది వాళ్ళు బతికున్నంతకాలం రాసుకుంటూ పోవడం పని. రెండేళ్ళకొక రౌండు. పోయినవాళ్ళ నంబరుకి ఎదురుగా కారణం రాస్తాం. ఉన్నవాళ్ళని మళ్ళీ కొలుస్తాం. ఆ రౌండులో తేల్చాల్సింది ఉప్పు. రోజుకెంత ఉప్పు తింటావని అడిగితే ఏ మనిషీ చెప్పలేడు. తిన్న ఉప్పుని బయటికి పోయే దారిలో పట్టుకోవాలి. అందుకు డబ్బా.

ఆరు వీధుల్లో రెండు నావి. మా ఇల్లు కూడా వాటిలోనే ఉంది. మా ఇంట్లో జాబితాకి ఎక్కిన మనిషి మా అత్తగారు. నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందే ఆవిడకి నంబరు పడింది. మా ఆయనకి నంబరు లేదు. ఇంటికి ఒక్కరే.

డబ్బాలో అరలీటరు కూడా లేకపోతే దాన్ని అసంపూర్ణం కింద కొట్టేస్తారు. మళ్ళీ వెళ్ళి ఆ ఇంటివాళ్ళని బతిమాలుకోవాలి. పదింట ఒకటికి మించి అసంపూర్ణం వస్తే మా కేంద్రాన్ని మూసేసి పక్క ఊరి దాంట్లో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. మా సూపర్‌వైజరు ఆ కాగితాన్ని గోడకి అంటించింది. ఆవిడ చేతిలో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది. మేం ఆవిణ్ణి కొలబద్ద అనుకునేవాళ్ళం. ఒక సోమవారం మీటింగులో ఆ స్కేలుతో బల్ల అంచు మీద తడుతూ, "నీళ్ళు కలిపితే లాబులో పట్టేస్తారు. నీళ్ళు మాత్రం కలపకండి," అంది. "మాత్రం" దగ్గర ఆగి అందరి మొహాలూ చూసింది.

పక్క రెండు వీధులు చూసే వర్కరు నన్ను మోచేత్తో పొడిచింది. ఇద్దరు పిల్లల తల్లి, దేనికీ తొణకని మనిషి. మీటింగయ్యాక మెట్లమీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, తక్కువ పడిన డబ్బాలో తను ఏం కలుపుతోందో చెప్పింది. తనదే. మనిషిది మనిషిదే కాబట్టి లాబులో ఎవరూ పట్టుకోలేరట. ఛీ అన్నాను.

"నువ్వూ చేస్తావులే అక్కా. రెండు వారాలు ఆగు," అంది.

రెండు వారాలు పట్టలేదు. తొమ్మిదో రోజున చేశాను.

ఆ మొదటి డబ్బా మా అత్తగారిది. కోడలు పదిమంది ముందూ మోసుకుపోయే డబ్బాలో తను పోయడమేమిటని ఆవిడ పగలంతా దానివైపు చూడలేదు. సాయంత్రం నేను గొంతు పెంచితే రెండుసార్లు వాడింది. మర్నాడు ఐదున్నరకి చూస్తే మూడో గీత దగ్గరే ఉంది. నా వీధుల్లో డబ్బాలన్నీ నేను పొద్దున్నే తెచ్చి మా వరండాలో వరసగా పెట్టేదాన్ని. వ్యాను ఏడింటికి వచ్చి అక్కణ్ణుంచి ఎక్కించుకునేది. ఇంటింటికీ తిరిగి అందరికీ పాఠాలు చెప్పి, సొంత ఇంటి డబ్బా మీద అసంపూర్ణం అని రాయాలంటే చెయ్యి రాలేదు.

మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి ఎంత తక్కువైందని అడిగాడు. రెండు వందలని చెప్పాను. బ్రష్షు నా చేతికిచ్చి, డబ్బా తీసుకుని బాత్రూములోకి వెళ్ళాడు. తిరిగొచ్చి దాన్ని నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఓట్లు కూడా ఇలాగే వేస్తారట," అన్నాడు.

నేను నవ్వాను. డబ్బాలో పైన నాలుగు వేళ్ళ మందాన నురగ ఉంది. గీత కనపడలేదు. నురగ దిగేదాకా నిలబడి, ఐదు వందల నలభై అని రాసి, సంపూర్ణం అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఆ తరవాత ఇంకో పది డబ్బాలు. పంక్చర్లు వేసే ఆయన తల్లిది, క్షౌరశాల ఆయన భార్యది, ప్రెస్సు పెద్దాయనది, ఇంకా అలా. కొన్నిటికి నూట యాభై, కొన్నిటికి మూడు వందలు. మా ఆయన పొద్దున లేవగానే రెండు గ్లాసుల నీళ్ళు తాగి, వరండాలోకి తొంగిచూసి, ఈరోజు ఎవరి తరఫున అని అడిగేవాడు. నాది కలపాలని నేనూ ఒకసారి ప్రయత్నించాను. చేతకాలేదు. ఆయనకి చేతనైంది, పైగా సరదాగా ఉండేది. ఎండాకాలంలో ఒక రోజంతా నిలవున్న డబ్బా మూత తీస్తే కళ్ళు మండుతాయి. మొదటి వారం ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. మూడో వారానికి గుడ్డ అక్కర్లేకపోయింది. వాసన తగ్గి కాదు.

ప్రతిసారీ నురగ వచ్చేది. ప్రతిసారీ అది దిగేదాకా వాచీ చూసుకుంటూ నిలబడేదాన్ని. తొమ్మిదేళ్ళుగా జనం ఆరోగ్యాన్ని కొలిచే ఉద్యోగంలో ఉన్నదాన్ని, ఆ నురగని పదకొండుసార్లు చూసి, వ్యాను వచ్చేలోపు దిగుతుందా లేదా అని తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

రౌండు సగం దాటాక పెద్ద డాక్టరు వచ్చాడు. ఈ పరిశోధన మొత్తానికి పెద్ద ఆయనే. మామూలుగా ఆఖర్లో వచ్చి ఫోటో దిగి వెళ్ళేవాడు. ఈసారి ముందే వచ్చాడు. ఏసీ గదిలో తెర దించి, ఆరు వీధుల పటం వేసి చూపించాడు. మేం పంపిన ఇళ్ళన్నీ బూడిదరంగు చుక్కలు. మధ్యలో పదకొండు ఎర్ర చుక్కలు. పదకొండూ నా రెండు వీధుల్లోనే.

లాబులో ఉప్పుతో పాటు ప్రోటీను కూడా చూస్తారట. ఉండాల్సిన దానికి పదిరెట్లు, పదిహేను రెట్లు పోతోందట ఆ పదకొండుమందిలో. అంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నట్టు, మూత్రంలో నురగ దానికే గుర్తు. వయసులు వేరు, పనులు వేరు, షుగరున్నవాళ్ళు ఇద్దరే. ఇరవై రెండేళ్ళలో ఇలాంటిది తను చూడలేదని ఆయన చెప్పాడు. మాట్లాడుతూ బిస్కెట్లు తింటున్నాడు. పొడి కాగితాల మీద పడితే ఊదుతున్నాడు. జబ్బుల మధ్య పనిచేసేవాళ్ళని చాలామందిని చూశాను. పక్కవాడి జబ్బుకి అంత సంతోషపడ్డ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

ఆ వీధులు ఎవరివని అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. నీళ్ళెక్కడివి అన్నాడు. రెండు వీధులకీ కలిపి ఒకటే బోరని చెప్పాను. "బోరు," అని ఆయన ఆ మాటని నోట్లో కాసేపు ఉంచుకున్నాడు. తరవాత ఆ పదకొండు ఇళ్ళ నంబర్లు, తేదీలు ఉన్న కాగితం నా చేతికిచ్చి, జబ్బు సంగతి చెబుతూ వాళ్ళకి ఉత్తరాలు పంపించమన్నాడు.

మూడు నంబర్లు చదివేసరికి మిగిలిన ఎనిమిదీ ఏమిటో తెలిసిపోయింది. అయినా ఆఖరిదాకా చదివాను. ఒక్కటి తప్పలేదు. ఒక్కటి ఎక్కువ లేదు. తేదీల వరస కూడా నేను టిక్కు పెట్టిన వరసే. అందరికీ టీ ఇచ్చారు. నేను తాగాను.

మెట్లమీద పక్క వీధుల వర్కరు నా కోసం ఆగింది. తన వీధుల్లో ఒక్క ఎర్ర చుక్కా లేదు. తను కలిపింది తనది, తను బాగానే ఉంది.

"అక్కా, అవి నీవి కావు కదా?"

నావి కావన్నాను.

"మరి?"

మా ఇంట్లో ఎవరెవరున్నారో తనకి తెలుసు. చేతిలో ఉన్న వేరుశెనగ పొట్టంతా కింద పోసి, చేతులు దులుపుకుని, పైటకొంగుతో నోరు తుడుచుకుంది.

మా ఆయన బస్సులకి, కార్లకి సీట్లు కుడతాడు. ఇంటి ముందు గదే షాపు. నేను వెళ్ళేసరికి నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఒక డ్రైవరు సీటుకి రెక్సిను లాగి మేకులు కొడుతున్నాడు. నేను కాగితం ఇచ్చి సంగతి చెప్పాను. నంబర్లు చూసి, "మా అమ్మది కూడా నాదేనా?" అని నవ్వాడు. నవ్వు అయ్యాక నోట్లో పట్టుకున్న మేకులు ఒక్కొక్కటే తీసి డబ్బీలో వేశాడు.

ఆయన మోకాలి కింద ఎముక మీద నా బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాను. తీసేశాను. గుంట పడింది. పదిహేను అంకెలు లెక్కపెట్టాను. గుంట అలాగే ఉంది. ఈ పని నేను తొమ్మిదేళ్ళలో కొన్ని వందల కాళ్ళ మీద చేశాను. ఫారంలో వాపుకని ఒక గడి ఉంది. ఆయన కాలి మీద ఎప్పుడూ చెయ్యలేదు. ఆయనకి ఫారం లేదు.

రేపే ఆస్పత్రికి వెళదామన్నాను. ఆయన ఆలోచించాడు. ఆయన ఆలోచన తప్పు కాదు, అదే అన్నిటికంటే కష్టమైన సంగతి. ఇప్పుడు ఆస్పత్రికి వెళితే ఏ వీధి అని అడుగుతారు. అదే బోరు నీళ్ళు తాగిన పన్నెండో మనిషి దొరికాడని పెద్ద డాక్టరు నేరుగా మా వరండాలోకి వస్తాడు. అన్నీ అడుగుతాడు. ఏదో ఒకటి బయటపడుతుంది. నా ఉద్యోగం, నా పరువు, వీధి మొత్తానికి నా మొహం.

"రౌండు అయిపోనీ. ఐదు వారాలేగా," అన్నాడు.

ఉద్యోగం పోతే పోనివ్వండి అనాలి నేను. ఆ మాట నాలిక మీదే ఉంది. నేనన్నది వేరు.

"ఐదు వారాలేనా?" అన్నాను.

ఆయన మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ఉత్తరాలు మూడో రోజున వెళ్ళాయి. వీధిలో జనం బోరు హ్యాండిలుకి గుడ్డ కట్టేశారు. నాలుగు వీధుల అవతల నుంచి బిందెలతో నీళ్ళు మోసుకోవడం మొదలుపెట్టారు. క్షౌరశాల ఆయన భార్య ఆ బిందెల కింద నడుము పట్టేసి మంచమెక్కింది. ప్రెస్సు పెద్దాయన ఇన్నేళ్ళుగా నడిచే పొద్దుటి నడక మానేశాడు. పంక్చర్ల ఆయన తల్లి నన్ను చూసినప్పుడల్లా, ఈ జబ్బు కనిపెట్టి ప్రాణం నిలబెట్టావని చెయ్యి పట్టుకునేది. ఆ చేతిని వదిలించుకుని ఇంటికొచ్చి నా చెయ్యి కడుక్కునేదాన్ని. కడుక్కోవాల్సింది ఆవిడ.

మా అత్తగారు ఉత్తరం నాతోనే చదివించుకుంది. రెండోసారి కూడా చదివించుకుంది. అది మొదటి పరీక్షే, తప్పయినా కావచ్చు, మూడు నెలలకి మళ్ళీ చేస్తారని చెప్పాను. చావు దగ్గరపడిన వాళ్ళతో అలాగే మాట్లాడతారని ఆవిడకి తెలుసు. ఉప్పు మానేసింది. నీళ్ళు గ్లాసు లెక్కన తాగింది. పెట్టె తెరిచి, బట్టలు మూడు కుప్పలుగా పెట్టి, ఏ కుప్ప ఎవరికో నాకు చూపించింది. తనని ఆస్పత్రుల చుట్టూ తిప్పి పని పాడుచేసుకోవద్దని కొడుకుతో చెప్పింది. కొడుకు సరేనన్నాడు. సరేనంటూ నా వైపు చూడలేదు. మూడు వారాలపాటు ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా పెళ్ళయ్యాక అలాంటి మూడు వారాలు లేవు. ఎప్పుడు తిడుతుందా అని ఎదురుచూశాను.

రెండో వారంలో ఒకరోజు సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ లేచి తలుపు వేసింది. చేతిలో స్కేలు బల్లమీద పెట్టింది. అది లేకుండా ఆవిడ చేతుల్ని నేను చూడటం అదే మొదలు. ఇంకెవరికి తెలుసని అడిగింది. ఎందుకు చేశావని అడగలేదు. నీళ్ళు మాత్రం కలపకండని చెప్పిన మనిషి అది ఎలా అడుగుతుంది.

మూడు నెలలకి మళ్ళీ పరీక్ష ఉందిగా అంది. అందరికీ నార్మల్ వస్తుంది. తాత్కాలికం అని రాసేస్తారు. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

"ఒకరికి ఉంది మేడం," అన్నాను.

"ఆయన మన స్టడీలో లేడు కదా."

ఆవిడ కోపంగా అనలేదు. చులకనగానూ అనలేదు. ఫారంలో ఒక తప్పు చూపిస్తే దిద్దినట్టు అంది. నాకు ఒళ్ళంతా చీదర పుట్టింది. ఆ గదిలోంచి బయటికి వచ్చాక కారిడార్లో నిలబడి చూసుకుంటే, ఆ చీదర కింద ఇంకొకటి ఉంది. నాకు కాస్త ఊపిరి ఆడింది. మూడు వారాలు గడిస్తే చాలు, ఏదీ బయటపడదు. ఆ ఊపిరి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ మాట కంటే అదే ఎక్కువ గుర్తుంది.

ఐదు వారాలు పూర్తికాలేదు. నేను కాగితం చూపించిన రోజునుంచి ఇరవై ఆరో రోజు పొద్దున మా ఆయన సీటు ఎత్తి ఆటోలో పెడుతూ మధ్యలో కింద పెట్టి, దానిమీదే కూర్చుండిపోయాడు. ఊపిరి అందలేదు. పాదాలు చెప్పుల్లో పట్టడం మానేసి అప్పటికి నాలుగు రోజులైందట. చెప్పుల పట్టీలు కోసి కుట్టుకున్నాడు. అది ఆయన పనే కదా, నాకు తెలియనివ్వలేదు.

మా కేంద్రం వాళ్ళెవరూ వెళ్ళని ఆస్పత్రికి రెండు బస్సులు మారి వెళ్ళాం. అప్పుడు కూడా ఎవరు చూస్తారో అనే ఆలోచించాను. లోపల ఒక డాక్టరమ్మ రాసుకుంటోంది. ఇది ఎప్పటినుంచి అని అడిగింది. ఈమధ్యే అన్నాడాయన. కనీసం ఫలానా తేదీ పొద్దున ఐదున్నరనుంచి అని నేనన్నాను. అంత కచ్చితంగా ఎలా తెలుసని అడిగింది. చెప్పాను. ఆవిడ కలం ఆపింది. నేను ఛీ అంటుందనుకున్నాను. అనలేదు. కొత్త కాగితం తీసుకుని మొదటి డబ్బానుంచి మళ్ళీ చెప్పమంది. పక్కన మంచం మీద మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. రెండు కిడ్నీలూ కలిపి మూడో వంతు పనిచేస్తున్నాయి. ఉన్నది నిలబెట్టడానికి చూద్దాం, పోయింది రాదు అంది. ఇరవై ఆరు రోజుల ముందు తీసుకొస్తే ఎంత ఉండేదని అడిగాను. చెప్పలేనంది. ఇంకోసారి అడిగాను.

"చెప్పలేనంటే చెప్పలేననే అర్థమమ్మా," అంది.

ఆ తరవాత కేంద్రంలో జరిగింది ఇక్కడే చెప్పేస్తాను, పెద్దగా ఏమీ లేదు. నేను రెండు పేజీల ఉత్తరం రాశాను. పదకొండు నంబర్లు, పదకొండు తేదీలు, ఎన్నెన్ని మిల్లీలీటర్లు. పెద్ద డాక్టరు నన్ను ఏసీ గదికి పిలిపించాడు. రెండే ప్రశ్నలడిగాడు. నేను కలపడం ఎవరైనా చూశారా. ఈ ఉత్తరానికి నా దగ్గర నకలు ఉందా. రెండిటికీ లేదన్నాను. నకలు ఉంచుకోవాలని నాకు తట్టలేదు. ఆయన ఉత్తరాన్ని ఫైల్లో పెట్టుకుని, నా భర్త ఆరోగ్యం గురించి ఒక్క మాట అడగకుండా, వెళ్ళి రమ్మన్నాడు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఇంకెవరినీ ఏమీ అనలేదు. కేంద్రం మూతపడలేదు. అసంపూర్ణం నూటికి ఏడే వచ్చింది.

మరుసటి ఏడాది నివేదికలో ఆ సంగతి రెండు వాక్యాలుంది. రెండు వీధుల్లో పదకొండుమందిలో ప్రోటీను తాత్కాలికంగా పెరిగి మూడు నెలల్లో తగ్గింది, వేసవి వేడి, తక్కువ నీళ్ళు కారణం కావచ్చు. దీనిమీద మరింత పరిశోధన అవసరం. పక్క వీధుల వర్కరు ఆ పేజీ తెచ్చి ఇచ్చింది. చదివి, మడిచి, పొయ్యి అంటించడానికి వాడాను.

వీధిలో పది ఇళ్ళకీ నేనే వెళ్ళి చెప్పాను. ప్రెస్సు పెద్దాయన తన కళ్ళజోడు తుడుచుకుని, ఇరవై రెండేళ్ళలో ఇంకేమేం కలిపారని అడిగాడు. నాకు తెలిసినంతవరకు ఇదేనన్నాను. నమ్మలేదు. క్షౌరశాల ఆయన భార్య మంచంమీంచే తిట్టింది. ఆ తిట్లు రాయదగ్గవి కావు, కానీ ఒక్కటి కూడా అన్యాయంగా లేదు. పంక్చర్ల ఆయన తల్లి నేను నీళ్ళు తాగిన గ్లాసు తీసుకెళ్ళి బయట పారేసింది. గుమ్మం దాటుతుంటే చప్పుడు వినపడింది.

పదకొండో ఇల్లు మాది. అక్కడ అందరికంటే ముందే చెప్పాల్సి వచ్చింది.

ఆస్పత్రినుంచి వచ్చిన మర్నాడు పొద్దున ఆయన్ని చేర్పించాలి. నేను లోపల బట్టలు సర్ది బయటికి వచ్చేసరికి మా అత్తగారు వరండాలో కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. కొత్త చెప్పులు వేసుకుంది. పక్కన ఒక చేతిసంచి. ఆ బోరు నీళ్ళు తనని, తన కొడుకుని కూడా పట్టుకున్నాయని ఆవిడ తేల్చుకుంది.

"నన్ను కూడా తీసుకెళ్ళండమ్మాయ్. ఎలాగూ ఒకటే జబ్బు. ఇద్దరం ఒకేసారి చూపించుకుంటే వాడికి తిప్పట తప్పుతుంది," అంది.

నేను ఆవిడ ముందు నేలమీద కూర్చున్నాను.

"మీకేం లేదత్తయ్యా," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. తనని ఓదార్చనక్కర్లేదంది. ఓదార్పు కాదని, ఆవిడకి నిజంగానే ఏ జబ్బూ లేదని, ఆ ఉత్తరం తప్పని చెప్పాను. ఆవిడ మొహంలో ఏదో సడలింది. మూడు వారాలుగా బిగబట్టుకున్నది ఒక్కసారి దిగినట్టు వీపు స్తంభానికి ఆనించింది. కళ్ళు మూసుకుంది. నోట్లో ఏదో అనుకుంది. నాకు వినపడలేదు. అంత సేపూ నేను రెండో మాట చెప్పలేదు. ఆ కాస్త సేపైనా ఆవిడకి ఉండనిద్దామనుకున్నాను. పిరికితనం కూడా కావచ్చు.

కళ్ళు తెరిచాక ఆవిడే అడిగింది.

"మరి అందులో ఉన్నది ఎవరిది?"

చెప్పాను. డబ్బా, మూడు గీతలు, పొద్దున ఐదున్నర, ఆయన బ్రష్షు నా చేతికివ్వడం, అన్నీ చెప్పాను. తన పేరుతో తన కొడుకుది పంపించానని అర్థమైనప్పుడు ఆవిడ మొహం చిట్లించి, కూర్చున్నచోటునుంచి జరిగింది, నా చీర తగలకుండా. నేను కదల్లేదు. ఇంతకాలం నామీద నాకున్న అసహ్యం ఇంకొకరి మొహం మీద చూడటం అదే మొదటిసారి. అది చూసి నాకు తేలికగా అనిపించింది. తిట్టమని ఎదురుచూశాను.

ఆవిడ తిట్టలేదు. ఎంత పాడయిందని అడిగింది. మూడో వంతు మిగిలిందన్నాను. లోపల గదిలో ఆయన కోసి కుట్టిన చెప్పుల్లోకి పాదం దూర్చడానికి కష్టపడుతున్నాడు. ఆవిడ కాసేపు అటే చూసింది. తరవాత చేతిసంచిలోంచి కేంద్రం పంపిన ఉత్తరం బయటికి తీసింది. చదవడం రాకపోయినా మడత విప్పి, పైన తన పేరు ఎక్కడుందో వేలితో వెతికి పట్టుకుంది.

"దీనిమీద పేరు నాదే ఉందిగా అమ్మాయ్," అంది. "వాడి జబ్బు ఇలాగే నా పేరు మీదే ఉండనివ్వకూడదూ?"